తిరుపతిలో ఇన్వర్టర్ బ్యాటరీ కొంటున్నారా? సీరియల్ నంబర్ చూడకుండా డబ్బు కట్టకండి

ఇంటి నుంచి పనిచేస్తూ, కరెంటు పోయినప్పుడు పని ఆగకూడదని ఇన్వర్టర్ చూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మనకు కరెంటిచ్చే సంస్థ ఎస్పీడీసీఎల్ హెడ్డాఫీసు మన తిరుపతిలోనే ఉన్నా, లైన్ పనులున్నాయంటే మన వీధికీ కోత తప్పదు కదా. ఊళ్లో బాగా నడిచే ఓ దుకాణంలో కొత్త బ్యాటరీ ధర తీసుకుని, ఎవరో వాడి వెనక్కిచ్చిన బ్యాటరీని నాకు అంటగట్టారు.

కొన్నది 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే బ్యాటరీ కెపాసిటీ) ట్యూబులర్ రకం బ్యాటరీ. నా లోడు ల్యాప్‌టాప్, మానిటర్, వైఫై రౌటర్, ఒక ఫ్యాను, ఒక లైటు. అంతా కలిపి 200 వాట్లు దాటదు. 12 వోల్టులను 150తో గుణిస్తే 1800 వాట్ అవర్లు. ఆ 150 అనేది 20 గంటల పాటు నిదానంగా వాడితే వచ్చే లెక్క, పైగా ఇన్వర్టర్ తినేది కొంత ఉంటుంది. అవన్నీ తీసేసినా నాలుగైదు గంటలు రావాలి. గంట తిరక్కముందే బీప్ మొదలైంది, క్లయింట్ కాల్ మధ్యలోనే అంతా ఆరిపోయింది.

దుకాణాయనకు ఫోన్ చేస్తే, "కొత్తది కదన్నా, నాలుగుసార్లు చార్జింగ్ ఎక్కితే సెట్టవుతుందిలే" అన్నాడు. కొత్త బ్యాటరీ కొన్నిసార్లు చార్జింగ్ ఎక్కి దిగాక ఇంకొంచెం మెరుగవుతుందన్నది నిజమే. కానీ గంట కాస్తా నాలుగు గంటలు కాదు.

కంపెనీ కస్టమర్ కేర్‌కు సీరియల్ నంబర్ చెబితే అసలు విషయం బయటపడింది. అది నిరుడే చిత్తూరులో వేరేవాళ్ల పేరు మీద రిజిస్టరైందట. వారంటీ లెక్క కూడా అప్పటినుంచే. అప్పుడు టార్చి వేసి దగ్గరగా చూశాను. టెర్మినళ్లను గరుకు కాగితంతో రుద్ది మెరిపించారు గానీ, బోల్టు కింద పచ్చటి పొడి అలాగే ఉంది. వారంటీ కార్డు మీద చేత్తో రాసిన నంబర్‌లో ఒక అంకె దిద్ది ఉంది. దుకాణంలో అడిగితే "వారంటీ మేం చూసుకుంటాం కదన్నా, కంపెనీతో మీకేం పని" అని ఎదురు ప్రశ్న!

అందుకే డబ్బు కట్టేముందే, బ్యాటరీ ఒంటి మీదున్న నంబర్ మీరే చదివి, మీ ఫోన్లోనే కస్టమర్ కేర్‌కు చెప్పి, ఇంతకుముందు ఎవరి పేరు మీదైనా ఎక్కిందేమో కనుక్కోండి. తయారైన నెల ఏదో కూడా వాళ్లనే అడగండి. చార్జింగ్ లేకుండా నెలల తరబడి గోడౌన్లో పడున్న బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి కెపాసిటీ పోతుంది, మన ఎండలకు ఇంకా తొందరగా. దుకాణంలో చూపించిందీ ఆటోలోంచి మీ ఇంటి ముందు దించిందీ ఒకటే కావాలని లేదు. బిగించే ముందు నంబర్ మళ్లీ చూడండి. బిల్లు మీద కూడా ఆ నంబరే ఉండాలి. బిల్లు వద్దంటే జీఎస్టీ తగ్గిస్తానని నాకూ ఆశ పెట్టాడు. బిల్లు తీసుకోబట్టే ఇవాళ అడగగలుగుతున్నాను.

60 నెలల వారంటీ అనగానే పొంగిపోకండి. కార్డులో 36+24 అని ఉంటే ఉచితంగా మార్చేది మొదటి 36 నెలలే, తర్వాత ఇచ్చేది డిస్కౌంటు మాత్రమే. ఇన్వర్టర్ సైన్ వేవ్‌దే (ఇంటి కరెంటులా సాఫీగా ఇచ్చేది) అడగండి. స్క్వేర్ వేవ్‌దైతే ఫ్యాను గుయ్‌మంటుంది, కొన్ని డెస్క్‌టాప్‌లు అసలు ఒప్పుకోవు. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అది వేసి ఉంచాలి, లేకపోతే కరెంటు పోయిన క్షణంలో డెస్క్‌టాప్ రీస్టార్టవుతుంది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలంతే. ఫిర్యాదు అందినట్టుంది, దుకాణాయన ఇప్పుడు తనే ఫోన్ చేసి "రా అన్నా, కూర్చొని మాట్లాడుకుందాం" అంటున్నాడు. కొత్త బ్యాటరీ ఇచ్చి, నా కళ్ల ముందే నా పేరు మీద రిజిస్టర్ చేసేటట్టయితేనే వస్తానని చెప్పాను.