పేజీ సగంలో ఆగిపోతుంటే ఎమ్‌టీయూ ఎక్కడ సరిచేయడం మేలు?

స్పీడ్ టెస్ట్‌లో ప్యాకేజీకి తగ్గ స్పీడే వస్తుంది. వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది, ఫొటో మాత్రం తిరుగుతూనే ఉంటుంది. చాలా సైట్లు చిటికెలో తెరుచుకుంటాయి, ఒకటి రెండు మాత్రం పైన ట్యాబ్‌లో పేరు చూపించి కింద తెల్లగా ఉండిపోతాయి. పర్లాకిమిడిలోనూ, కాశీనగర్, గుణుపురం వైపూ లోకల్ ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ వాడే ఇళ్లలో ఈ మాట తరచూ వింటుంటాను. లైన్ చూడటానికి వచ్చిన కుర్రాడు ఒకసారి స్పీడ్ టెస్ట్ కొట్టి, "ఫుల్ వస్తుంది కదా పిన్నీ, ఆ సైట్‌లోనే ఏదో ప్రాబ్లం" అని వెళ్లిపోతాడు. అతన్ని అనడానికి లేదు, స్పీడ్ టెస్ట్‌లో ఇది దొరకదు. నెట్‌లో డేటా ప్యాకెట్లనే ముక్కలుగా వెళ్తుంది. లైన్‌లో ఒక్కో ముక్క ఎంత పెద్దదిగా ఉండొచ్చో చెప్పే హద్దే ఎమ్‌టీయూ. ఇలాంటప్పుడు అనుమానించాల్సింది దాన్నే.

సరిహద్దులో ఉన్నందుకు మనకు ఒక సౌకర్యం ఉంది. ఊరికి ఆ చివర నిలబడితే ఫోన్‌కి పాతపట్నం వైపు టవర్ కూడా అందుతుంది. ఏ టవరైనా సరే, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి అదే ల్యాప్‌టాప్‌లో అదే పేజీ తెరవండి. వెంటనే తెరుచుకుంటే సైట్ బాగానే ఉంది, చూడాల్సింది మన ఇంటి లైనే.

ఇలాంటి లైన్లలో చాలావరకు పీపీపీఓఈ ఉంటుంది, అంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రూటర్‌లో పెట్టి కనెక్ట్ చేసే పద్ధతి. ఈథర్నెట్‌లో ఒక ఫ్రేమ్ మోసే డేటా 1500 బైట్లు. అందులో 8 బైట్లు పీపీపీఓఈ తన హెడర్ కోసం, అంటే డేటా ముందు అంటించే చీటీ లాంటిదాని కోసం తీసుకుంటుంది. మిగిలేది 1492. ల్యాప్‌టాప్‌కి ఈ సంగతి తెలియదు, అది 1500 అనే అనుకుంటుంది. అవతల సర్వర్ కూడా 1500 సైజు ప్యాకెట్ పంపుతుంది. దారిలో అది పట్టని చోట ఉన్న రూటర్ "పెద్దదైంది, ఇంత సైజులో పంపు" అని ఐసీఎమ్‌పీ (నెట్‌వర్క్‌లో ఇబ్బందులు తెలిపే సందేశాల పద్ధతి) ద్వారా వెనక్కి కబురు పెట్టాలి. 1990 నుంచీ ఉన్న ఏర్పాటే ఇది. కానీ సెక్యూరిటీ పేరుతో ఐసీఎమ్‌పీ మొత్తాన్ని ఫైర్‌వాల్‌లో మూసేసేవాళ్లు ఎక్కువ. కబురు అందని సర్వర్ అదే పెద్ద ప్యాకెట్‌ని మళ్లీ మళ్లీ పంపుతుంది, మన పేజీ అలా తెల్లగా చూస్తూ ఉంటుంది. చిన్న ప్యాకెట్లకు ఏ ఇబ్బందీ లేదు కాబట్టి మెసేజ్‌లు పోతాయి.

ఏది మార్చాలో తేల్చే ముందు కొలవాలి. వైఫై వద్దు, కేబుల్ పెట్టిన ల్యాప్‌టాప్ మేలు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్‌కి (ఒక ప్యాకెట్ పంపి జవాబు వస్తుందో లేదో చూసే కమాండ్) రెండు ఆప్షన్లు కలపాలి: ముక్కలు చేయవద్దని చెప్పే ఎఫ్, సైజు చెప్పే ఎల్. సైజు 1472 ఇవ్వండి. దానికి 28 బైట్ల హెడర్లు కలిస్తే 1500. అది పోకుండా 1464 పోతే మీ లైన్ 1492, అంతా లెక్క ప్రకారమే ఉంది. 1464 కూడా పోకపోతే పదేసి తగ్గించుకుంటూ రండి. మధ్యలో ప్యాకెట్‌ని ఇంకోదానిలో చుట్టి పంపే టన్నెలో, పాత స్విచ్చో ఉండొచ్చు. కొన్ని సర్వర్లు అసలు పింగ్‌కే పలకవు, కాబట్టి ముందు మామూలు పింగ్ పోతుందో లేదో చూసుకోండి.

ఇక్కడ అంకె కంటే స్క్రీన్ మీద వచ్చే మాట ముఖ్యం. "ఫ్రాగ్మెంట్ చేయాలి, కానీ డీఎఫ్ (ముక్కలు చేయవద్దన్న గుర్తు) సెట్ అయి ఉంది" అనే అర్థంలో లైన్ వస్తే, సైజు పట్టలేదన్న కబురు మీ ల్యాప్‌టాప్‌కి అందుతోందన్నమాట. అలా కాకుండా ఉత్త "రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్" అని వస్తే పెద్ద ప్యాకెట్‌ని ఎవరో చప్పుడు లేకుండా పారేస్తున్నారు. ఆపరేటర్‌తో మాట్లాడేటప్పుడు ఈ రెండో స్క్రీన్ ఫొటో తీసి చూపిస్తే సగం వాదన తగ్గుతుంది.

ఇక మార్చడం. నెట్‌లో వెతికితే మొదట దొరికే సలహా, ల్యాప్‌టాప్‌లోనే ఎమ్‌టీయూ తగ్గించమని. విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌ఎస్‌హెచ్ కమాండ్‌తో 1492 పెడితే పని జరుగుతుంది కూడా. ఎందుకంటే కనెక్షన్ మొదలయ్యేటప్పుడే ల్యాప్‌టాప్ "నాకు ఒక్కోసారి 1452 బైట్లకు మించి పంపకు" అని సర్వర్‌కి చెప్పేస్తుంది. ఈ అంకెనే ఎమ్‌ఎస్‌ఎస్ అంటారు, 1492లోంచి ఐపీ, టీసీపీ హెడర్ల 40 తీసేస్తే వచ్చేది. కానీ ఇంట్లో ఉన్నది ఒక్క ల్యాప్‌టాపేనా? ఫోన్లలో రూట్ చేయకుండా దీన్ని మార్చలేం, టీవీలో ఆ మెనూనే ఉండదు. పైగా అదే ల్యాప్‌టాప్ రేపు బరంపురం అత్తగారింటికి వెళ్తే అక్కడి లైన్‌కి అక్కర్లేని సెట్టింగ్ మోసుకుపోతుంది. జబ్బు ఇదేనా అని నిర్ధారించుకోవడానికి మంచి పరీక్ష. అంతవరకే వాడండి.

రూటర్‌లో వాన్ ఎమ్‌టీయూ, అంటే ఆపరేటర్ లైన్ వైపు ఎమ్‌టీయూ మార్చడం రెండో దారి. కొన్ని రూటర్లు పీపీపీఓఈకి మొదటి నుంచే 1480 పెట్టుకుని వస్తాయి, ముట్టుకోనక్కర్లేదు. 1500 అని ఉంటే 1492 చేయండి. అయితే ఇది ఒక్కటే చేస్తే అప్‌లోడ్ వైపు మాత్రమే భరోసా. మీ ఫోన్ పెద్ద ప్యాకెట్ పంపితే రూటర్ అక్కడికక్కడే ఆపి చెప్తుంది. డౌన్‌లోడ్ వైపు, ఎక్కడో ఉన్న సర్వర్‌కి చెప్పాల్సింది మళ్లీ ఆ ఐసీఎమ్‌పీ కబురే. రోగం మొదలైందే అక్కడ.

అందుకే నా ఓటు మూడోదానికి: రూటర్‌లో ఎమ్‌ఎస్‌ఎస్ క్లాంపింగ్. ఇంట్లో ఏ పరికరం కనెక్షన్ మొదలుపెట్టినా, ఆ మొదటి ప్యాకెట్‌లో ఉన్న 1460ని రూటర్ దారిలోనే 1452గా దిద్దేస్తుంది. సర్వర్ మొదటి నుంచీ చిన్నవే పంపుతుంది, ఇక ఎవరి కబురు కోసమూ చూడక్కర్లేదు. ఫోన్, టీవీ, వచ్చిన చుట్టాల ట్యాబ్, అన్నిటికీ ఒక్క దెబ్బతో అయిపోతుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో (రూటర్లలో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) ఫైర్‌వాల్ పేజీలో వాన్ జోన్ పక్కన దీని టిక్ ఉంటుంది. మైక్రోటిక్ కంపెనీ రూటర్లలో పీపీపీ ప్రొఫైల్‌లో టీసీపీ ఎమ్‌ఎస్‌ఎస్ మార్చాలా అని అడిగే చోట ఎస్ పెట్టాలి. చాలా మామూలు రూటర్లు వాన్ ఎమ్‌టీయూ సరిగ్గా ఉంటే దీన్ని వాటంతట అవే చేసుకుంటాయి. శ్రద్ధగల ఆపరేటర్లు తమ వైపు సర్వర్‌లోనే చేసేస్తారు, అలాంటివాళ్ల కస్టమర్లకు ఈ గొడవే తెలియదు.

చిక్కల్లా ఆపరేటర్ ఇచ్చిన డబ్బాతో. స్టిక్కర్ మీద రాసి ఉన్న యూజర్ లాగిన్‌తో లోపలికి వెళ్తే వాన్ పేజీ కనిపించదు, కనిపించినా బూడిద రంగులో ఉండి మారదు. అప్పుడు ఫోన్ చేసి "నెట్ స్లో" అంటే లాభం లేదు. ఒడియాలో చెప్పినా, తెలుగులో చెప్పినా రెండే అడగండి: వాన్ ఎమ్‌టీయూ 1492 పెట్టి ఎమ్‌ఎస్‌ఎస్ క్లాంప్ చేస్తారా, లేదంటే డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో (లైన్‌ని మన రూటర్‌కి దాటించడమే దాని పని) పెట్టి పీపీపీఓఈ పాస్‌వర్డ్ మాకిస్తారా? రెండోదానికి ఒప్పుకుంటే సొంత రూటర్ పెట్టుకోవచ్చు. కొంచెం ఖర్చే, కానీ తర్వాత ఎవరినీ బతిమాలక్కర్లేదు.

పూర్తి 1500 తెచ్చుకునే పద్ధతి కూడా 2006 నుంచి ఉంది. కింద ఈథర్నెట్‌ని 1508కి పెంచి పీపీపీఓఈ 8 బైట్లను అందులో సర్దడం. కానీ ఆ డబ్బా నుంచి ఆపరేటర్ సర్వర్ దాకా ప్రతి పరికరమూ 1508ని ఒప్పుకోవాలి. మన ఊళ్లలో మధ్యలో ఎన్ని రకాల స్విచ్‌లు వేలాడుతున్నాయో స్తంభాలు చూస్తేనే తెలుస్తుంది. దాని జోలికి పోవద్దనే చెప్తాను.

"ఎందుకొచ్చిన టెన్షన్, 1400 పెట్టేస్తే పోలా?" అనేవాళ్లున్నారు. స్పీడ్ పెద్దగా పడిపోదు, నూరు ప్యాకెట్లలో పోయే డేటాకి నూట ఏడు పట్టొచ్చు, అంతే. నా అభ్యంతరం వేరే. లైన్‌లో 1464 పింగ్ కూడా పోకపోవడం ఆపరేటర్ సరిచేయాల్సిన లోపమైతే, 1400తో అది కప్పబడిపోతుంది. ఇంకా పని కాలేదని తగ్గించుకుంటూ 1280 కిందికి వెళ్తే ఐపీవీ6 (పాత ఐపీవీ4 తర్వాత వచ్చిన ఇంటర్నెట్ చిరునామా పద్ధతి) పనిచేయదు, దానికి అది కనీస హద్దు.

ఐపీవీ6 ఆన్‌లో ఉన్నప్పుడే పేజీలు ఆగి, ఆఫ్ చేస్తే తెరుచుకుంటుంటే, క్లాంపింగ్ ఐపీవీ4కే జరుగుతోందేమో చూడండి. ఐపీవీ6 హెడర్ 40 బైట్లు, టీసీపీది 20 కాబట్టి అక్కడ ఎమ్‌ఎస్‌ఎస్ 1432 కావాలి. దారిలోని రూటర్లు ఐపీవీ6 ప్యాకెట్‌ని ముక్కలు చేయవు.

విశాఖ కంపెనీలకు ఇంటి నుంచి పనిచేసేవాళ్ల సంగతి వేరు. వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి వేసే సురక్షితమైన దారి) కనెక్ట్ అవుతుంది, చాట్ నడుస్తుంది, ఫైల్ మాత్రం కదలదు. డేటా పంపడానికి టీసీపీ ఒక పద్ధతి, యూడీపీ ఇంకొకటి. యూడీపీ మీద నడిచే వీపీఎన్‌కి రూటర్ క్లాంపింగ్ ఉపయోగపడదు, అది టీసీపీని మాత్రమే దిద్దుతుంది. వీపీఎన్ సెట్టింగ్‌లోనే ఎమ్‌టీయూ తగ్గాలి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ మామూలుగా 1420తో వస్తుంది. ఐపీవీ4 మీద దాని హెడర్ల బరువు 60, కాబట్టి 1492 లైన్‌లో పట్టేస్తుంది. ఐపీవీ6 మీద 80, అప్పుడు 1412కి దించాలి. ఆఫీసు వీపీఎన్‌లో మన చేతికి ఏమీ ఇవ్వరు, ఐటీ వాళ్లకు మీరు కొలిచిన అంకె రాసి పంపండి.

రూటర్‌లో మార్చాక పీపీపీఓఈని ఒకసారి డిస్‌కనెక్ట్ చేసి కలపండి. పరీక్ష కోసం ల్యాప్‌టాప్‌లో పెట్టిన అంకెను తీసేసి మళ్లీ 1500 చేసి, ఆగిపోయే ఆ పేజీని ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ తెరిచి చూడండి. ల్యాప్‌టాప్‌లో తెరుచుకుని ఫోన్‌లో ఆగుతుంటే పాత సెట్టింగ్ ఇంకా ల్యాప్‌టాప్‌లోనే ఉంది, రూటర్‌లో క్లాంపింగ్ పడలేదు.