థార్‌లో రాబందుల బొమ్మలు వేయాలంటే బికనేర్‌లో దిగండి, సమ్ క్యాంపుల్లో కాదు

జైసల్మేర్ దగ్గర సమ్ ఇసుక తిన్నెల్లో డెజర్ట్ క్యాంపుల పేరిట నడిచే వ్యాపారం పక్షుల బొమ్మలు వేసేవాళ్ళకు ఎందుకూ పనికిరాదు. మేం దిగిన క్యాంపులో ఇద్దరికి రాత్రికి 4,800 రూపాయలు, తెల్లవారుజామున జీపుకు విడిగా 3,500. ఫోన్లో మాట్లాడినప్పుడు “ఆరింటికల్లా జీపు మీ గుడారం ముందుంటుంది సార్” అన్నారు. రాత్రి పన్నెండు దాకా డీజే మోత. పొద్దున ఆరింటికి చూస్తే డ్రైవర్ నిద్ర లేవలేదు, మేనేజర్ ఫోన్ ఎత్తలేదు. అందరి టిఫిన్లు అయితే గానీ జీపులు కదలవని ఏడున్నరకు తీరిగ్గా చెప్పారు. బయల్దేరేసరికి తొమ్మిది దాటింది. జీపు డబ్బులు తిరిగి ఇమ్మంటే “పక్షులు రోజంతా ఉంటాయి కదా” అన్నారు. మా బావ ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

పక్షులు రోజంతా ఉంటాయి గానీ బొమ్మకు దొరకవు. డిసెంబరు చివర్లో అక్కడ పొద్దు పొడిచేదే ఏడున్నర ప్రాంతంలో. నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా రాబందులూ పెద్ద గద్దలూ చెట్ల మీదో నేల మీదో కూర్చుని, రెక్కలు విప్పుకుని ఎండ కాగుతుంటాయి. ఆ రెండు గంటలే మనవి. పది దాటాక అవి వేడిగాలి మీదెక్కి ఆకాశంలో చుక్కలైపోతాయి. నేల మీద మిగిలినవాటిని టెలిస్కోపులో చూద్దామన్నా సెగకు అంచులు వణుకుతూ కన్నేదో ముక్కేదో తెలియదు. స్కోపు ఎంత ఖరీదైనదైనా ఇంతే, ఎందుకంటే లోపం గాలిలో ఉంది. తొమ్మిదింటి జీపుకు 3,500 ఇవ్వడమంటే ఆ డబ్బు ఇసుకలో పోయడమే.

బికనేర్‌లో అంతా సవ్యంగా జరిగింది. ఊళ్ళో చిన్న గెస్ట్‌హౌస్, రాత్రికి 1,500, ఐదున్నరకే టీ. ఉదయం ఆరు నుంచి పదకొండు దాకా ట్యాక్సీకి 1,300. డ్రైవర్ చెప్పిన టైముకు ముందే వచ్చి నిలబడ్డాడు. మధ్యాహ్నం 180 రూపాయల థాలీలో సజ్జరొట్టె, కేర్ సాంగ్రి కూర. సాంగ్రి అంటే జమ్మికాయలే. బావ రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

బొమ్మలకు అసలు చోటు ఊరి పక్కనే ఉన్న జోడ్‌బీడ్. చచ్చిన పశువులనూ ఒంటెలనూ తెచ్చి పడేసే మైదానం అది. వాసన గట్టిగానే ఉంటుంది. బావ మొదటి పూట ముక్కుకు కండువా చుట్టుకుని కారులోనే ఉండిపోయాడు, మర్నాటికి సర్దుకున్నాడు. నిజానికి కారు దిగకపోవడమే మంచిది. కళేబరాల చుట్టూ కుక్కల గుంపులుంటాయి, పైగా కారులో ఉంటే పక్షులు బెదరవు. ఇంజన్ మాత్రం ఆపించండి, లేకపోతే స్కోపు అదురుతుంది. కన్ను పెట్టే గొట్టం (ఐపీస్) వంపుగా ఉన్న స్కోపయితే తల ఎత్తకుండా ఒక కన్ను స్కోపులో, ఒక కన్ను కాగితం మీద పెట్టి గీయొచ్చు.

పశువులకిచ్చే నొప్పుల మందు డైక్లోఫెనాక్ ఉన్న కళేబరాలు తిని మన రాబందులు కుప్పకూలిపోయాయి. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. ఇప్పుడు జోడ్‌బీడ్‌లో కనిపించేవి ఎక్కువగా చలికాలం వలసొచ్చే గ్రిఫన్ రాబందులు, సినీరియస్ రాబందులు, ఈజిప్షియన్ రాబందులు, వాటితో పాటు పదుల కొద్దీ స్టెప్పీ గద్దలు. స్టెప్పీ గద్దకూ టానీ గద్దకూ తేడా నోటి దగ్గరుంది. స్టెప్పీకి పసుపు రంగు నోటిచీలిక కంటి వెనక అంచు దాకా సాగుతుంది, టానీకి కంటి మధ్యకు వచ్చి ఆగుతుంది. ఆ గీత అర మిల్లీమీటరు అటూ ఇటూ అయిందా, బొమ్మలో జాతే మారిపోతుంది.

ఒకే పక్షి మీద బొమ్మ పూర్తి చేయాలని పట్టుబడితే ఏదీ మిగలదు. ఒక పేజీలో ఐదారు భంగిమలు మొదలుపెట్టి వదిలేయండి. పక్షి మళ్ళీ అదే భంగిమకు వస్తుంది, వచ్చినప్పుడల్లా దాని గీతలు ఇంకో రెండు వేయొచ్చు. చెట్ల విషయంలోనూ చూసి గీయాల్సిందే. చలికాలంలో పశువుల మేతకు జమ్మి కొమ్మలు నరికేస్తారు, గద్దలు కూర్చునేది ఆ మొండి కొమ్మల మీద. ఎడారి అనగానే గొడుగులాంటి పచ్చటి చెట్టు వేస్తే అది డిసెంబరు థార్ కాదు.

అందరూ తప్పేది ఎగిరే పక్షి అడుగుభాగంలో. ఫొటో చూసి వేసేవాళ్ళు రెక్కల కింద చల్లటి నీలి బూడిద రంగు పెడతారు. పొద్దెక్కాక ఇసుక మీద పడ్డ ఎండ తిరిగి పైకి కొడుతుంది, ఆ నీడ వెచ్చగా మారుతుంది. తక్కువ ఎత్తులో వెళ్ళే ఈజిప్షియన్ రాబందును చూడండి. వీపు తెలుపులో ఆకాశపు నీలం, పొట్ట తెలుపులో పలచటి పసుపు. ముందు ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) నీళ్ళగా పూసి, ఆరాక అల్ట్రామెరిన్ (ముదురు నీలం), బర్న్‌ట్ సియెన్నా (ఎర్రమట్టి రంగు) కలిపిన బూడిద రంగును దాని మీద పలచగా వేస్తే ఆ వెలుగు నిలుస్తుంది. సినీరియస్ రాబందుకు నల్లరంగు వాడొద్దు. అల్ట్రామెరిన్, బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమ) కలపండి. ఆకాశం కూడా దిగంతం దాకా నీలంగా ఉండదు, దుమ్ము వల్ల కింద ఓకర్ ఛాయకు తిరుగుతుంది.

నీటిరంగుకు అక్కడ రెండు రకాల ఇబ్బంది. పొద్దున్నే ఐదారు డిగ్రీల చలిలో పూత ఎంతకీ ఆరదు, పదకొండుకల్లా కుంచె తిప్పేలోపే అంచులు కట్టేస్తుంది. పొద్దున పెన్సిలూ చిన్న పూతలూ, పెద్ద పూతలు గదికొచ్చాక అనుకోవడం మేలు. ఎండలోనే వేయాలంటే మందపాటి 300 జీఎస్ఎం కాటన్ కాగితాన్ని రెండు వైపులా తడిపి, రంగు కలిపే 30 మిల్లీలీటర్ల నీళ్ళలో రెండు మూడు చుక్కల గ్లిజరిన్ కలపండి. ఎక్కువైతే పూత జిగురుగా ఉండిపోయి ఇసుకంతా దానికే అంటుకుంటుంది. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నచోట అల్ట్రామెరిన్ గుంపులు కడుతుంది, రంగుకు సీసా నీళ్ళే వాడండి.

చురు జిల్లాలోని తాల్ ఛాపర్ గడ్డిమైదానంలో సాయంత్రం గడ్డిలోకి దిగే హారియర్లు (గద్ద జాతి పక్షులు) హాయిగా దొరికాయి. డెజర్ట్ నేషనల్ పార్క్ చూడాలనుకుంటే గది జైసల్మేర్ ఊళ్ళోనే తీసుకుని, అటవీశాఖ అనుమతి ముందురోజే చేతిలో పెట్టుకోండి. జీపు డ్రైవర్‌తో నేరుగా మాట్లాడి, బయల్దేరే టైము వాట్సాప్‌లో రాయించుకోండి. అడ్వాన్సు సగానికి మించి ఇవ్వొద్దు, మిగతాది వెనక్కి వచ్చాకే.