హేమల్‌కసా: ఆమ్టే వాళ్లింట్లో పెరిగిన అడవి పిల్లలను చూసొచ్చాను

నేను కాటారం వైపు గోపాలమిత్రగా పనిచేస్తాను. బర్లకు, ఆవులకు ఎద సూదులు వేయడం, ఈత కష్టమైతే డాక్టరు వచ్చేదాకా చూసుకోవడం నా పని. ఎక్కడ ఏ జంతువును చూసినా ముందు నా కళ్లు డొక్కల మీదికి, పెండ మీదికి, నీళ్ల తొట్టి మీదికి పోతాయి. మహారాష్ట్ర అడవుల్లో ఆమ్టే కుటుంబం తల్లిలేని అడవి జంతువుల పిల్లలను సాకే హేమల్‌కసాను కూడా అట్లనే చూశాను. అందుకే ఇది చదివేవాళ్లకు పనికొస్తుందనిపించింది.

అసలు నేను అక్కడికి పోవడానికి ఒక జింకపిల్ల కారణం. నాలుగేళ్ల కింద ఒక మేకల కాపరి దాన్ని చద్దరులో చుట్టుకుని మా ఇంటికి తెచ్చాడు. తల్లి కనబడలేదన్నాడు. దూడలను బతికించినవాణ్ని, దీన్ని బతికించలేనా అనుకున్నాను. బర్రె పాలు పట్టాను. రెండో రోజుకు పారుడు మొదలైంది. నాలుగో రోజు తెల్లారేసరికి చచ్చిపోయింది. తర్వాత తెలుసుకున్నాను: తల్లి జింక పిల్లను గడ్డిలో దాచి మేతకు పోతుంది, మళ్లీ వస్తుంది. ఆ పిల్ల అనాథ కానే కాదు. మేం ఎత్తుకొచ్చి అనాథను చేశాం. అటవీశాఖకు చెప్పకుండా అట్లా ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. ఆ బాధ నన్ను విడవలేదు. అడవి పిల్లలను యాభై ఏళ్లుగా సాకుతున్న ఇల్లొకటి మనకు నది అవతలే ఉందని తెలిశాక చూడకుండా ఉండలేకపోయాను.

నేను, నా భార్య, ఏడో తరగతి చదివే బిడ్డ, మా బాపు కలిసి జనవరిలో బయల్దేరాం. కాళేశ్వరంలో ముక్తీశ్వరుని దర్శనం చేసుకుని, గోదావరి వంతెన దాటితే సిరొంచ. మహారాష్ట్రే అయినా కొట్టు దగ్గర చాయ్ తెలుగులోనే అడగొచ్చు. అక్కడినుంచి ఆలాపల్లి దాదాపు వంద కిలోమీటర్లు, ఆలాపల్లి నుంచి భామ్రాగడ్ దారిలో హేమల్‌కసాకు ఇంకో అరవై వరకు. దారి పొడవునా టేకు అడవే. ఆలాపల్లి దాటాక నరకకుండా కాపాడిన పాత టేకు చెట్లున్న చోటు ఒకటి వస్తుంది. బాపు దిగి ఒక మానును చేతులతో చుట్టబోయాడు, అందలేదు. రోడ్డు గురించి ఒక్క మాట చెప్తాను: సిరొంచ, ఆలాపల్లి నడుమ మాకు గుంతలే గుంతలు, చిన్న కారుతో నడుం విరిగింది. పెట్రోలు, నగదు ఆలాపల్లిలోనే చూసుకోండి. వానాకాలం అసలే వద్దు, వాగులు పొంగితే ఆ దారులు మూసుకుపోతాయి.

ఈ చోటు కథ తెలియకుండా చూస్తే బోన్లే కనబడతాయి. కుష్ఠు రోగుల కోసం వరోరా దగ్గర ఆనంద్‌వన్ కట్టిన బాబా ఆమ్టే 1973 డిసెంబరులో అక్కడి ఆదివాసులైన మాడియా గోండుల కోసం హేమల్‌కసాలో లోక్ బిరాదరి ప్రకల్ప్ మొదలుపెట్టారు. డాక్టర్లయిన కొడుకు ప్రకాశ్, కోడలు మందాకిని ఆ అడవిలో, కరెంటు లేని గుడిసెలో కాపురం పెట్టారు. ఆ తొలి రోజుల్లో ఒకసారి మాడియాలు వేటాడిన కోతులను మోసుకుని పోతున్నారు. చచ్చిన తల్లి పొట్టను కరుచుకుని ఒక పిల్ల ఇంకా పాలు తాగజూస్తోంది. దాన్నేం చేస్తారని అడిగితే తింటామన్నారు. ప్రకాశ్ ఆమ్టే వాళ్లను తిట్టలేదు. బియ్యమిచ్చి పిల్లను తీసుకున్నారు. దానికి బబ్లీ అని పేరు పెట్టారు. ఇకమీదట పిల్లలు దొరికితే నాకివ్వండి, తిండి నేనిస్తాను అన్నారు. అట్లా ఒక్కొక్కటే వచ్చి ఇల్లు నిండింది. దాన్నే ఇప్పుడు ఆమ్టేస్ యానిమల్ ఆర్క్ అంటున్నారు.

ఇది విన్నాక మా బాపు చాలాసేపు మాట్లాడలేదు. ఆయన చిన్నప్పుడు ఉచ్చులు పెట్టి కుందేళ్లను పట్టినవాడే. కరువు ఏండ్లల్లో అదే కూర. చివరికి, "అంటే ఆ పూట వాళ్లు బువ్వ వండుకున్నరన్నట్టు," అన్నాడు. నాకు కోతిపిల్ల కనబడింది, ఆయనకు ఆ పొయ్యి కనబడింది. నిజంగా ఆ కుటుంబం చేసిన పనిలో గొప్పదంతా అక్కడే ఉందని నాకనిపిస్తుంది. ఆకలితో ఉన్నవాడి చేతిలోంచి ఉత్తచేతులతో ఏదీ గుంజుకోలేదు. దవాఖాన పెట్టారు, 1976లో పిల్లలకు ఆశ్రమ బడి పెట్టారు. 2008లో ప్రకాశ్, మందాకిని ఇద్దరికీ కలిపి మెగసెసే అవార్డు వచ్చింది. ఇప్పుడు కొడుకులు దిగంత్, అనికేత్, కోడళ్లు కూడా ఆ పనిలోనే ఉన్నారు.

ఇక జంతువులు. చిరుతలు, ఎలుగుబంట్లు, జింకలు, ముళ్లపందులు, మొసళ్లు, నెమళ్లు, గుడ్లగూబలు చూశాం. నేను చూసేవన్నీ చూశాను: నీళ్లు తేటగా ఉన్నాయి, జింకల పెంటికలు గట్టిగా విడివిడిగా ఉన్నాయి, చిరుత ఒంటిమీద వెంట్రుక నూనె రాసినట్టు మెరుస్తోంది. ఎలుగుబంటి దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాను. అది పంజా నోట్లో పెట్టుకుని చీకుతూ తుమ్మెదల మోత లాంటి చప్పుడు చేస్తోంది. ఎలుగు పిల్లలు తల్లి వీపు మీద ఎక్కి తిరుగుతూ పెరుగుతాయి. తల్లి లేని పిల్లకు ఆ వీపు ఎక్కడ దొరుకుతుంది? మనుషుల భుజాలే దొరికాయి.

పిల్లకు పాలు పట్టడమంటే ఏమిటో నాకు తెలుసు కాబట్టి చెప్తున్నాను. తల ఎక్కువ ఎత్తితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చిక్కటి పాలైతే పారుడు. కొంచెం కొంచెం, రాత్రి కూడా లేచి పట్టాలి. దూడకే ఇంత ఉంటే చిరుత కూనకు ఎంత ఉండాలి? పగలు రోగులను చూసి, రాత్రి ఇది చేశారు ఆ ఇంటివాళ్లు.

"డాడీ, పెద్దగైనంక అడవిల ఇడిచిపెట్టొచ్చు గదా?" అని మా బిడ్డ అడిగింది. సిరొంచ వైపు నుంచి వచ్చిన ఒక పనాయన అక్కడుంటే ఆయన్నే అడగమన్నాను. ఆయన తెలుగులోనే చెప్పాడు. వేట నేర్పేది తల్లే. మనిషి చేతిలో పెరిగినదానికి వేట రాదు, మనిషంటే భయం ఉండదు. ఆకలేస్తే ఊర్లోకే వస్తది, మేకను పడతది, జనం కొట్టి చంపుతరు. బిడ్డకు సమాధానం దొరికింది కానీ మొహం తేటపడలేదు. నాకూ బోను కమ్మీలు చూస్తే మనసు చివుక్కుమంది. ఆ పిల్ల తల్లి బతికుంటే ఈ బోనే అవసరం ఉండేది కాదు.

వెళ్లేవాళ్లకు ఒక మనవి. మేం ఉన్నప్పుడు ఒక కుటుంబం చిరుతను లేపడానికి చప్పట్లు కొట్టి, ఈలలు వేసింది. మీరు అట్లా చేయకండి. మధ్యాహ్నం అది పడుకునే వేళ. పొద్దున్నే పోతే మెలకువగా చూడొచ్చు. జూ పార్కులా అన్నీ పెద్దగా, హంగుగా ఉంటాయని పోతే మీకు నచ్చకపోవచ్చు. జంతువుల దగ్గర గంటకు పైగా ఊరికే నిలబడగలిగితే, పిల్లలకు బబ్లీ సంగతి ముందే చెప్పి తీసుకుపోతే, ఆ గుంతల దారి కూడా గుర్తుండదు. దవాఖాన వైపు రోగులుంటారు, అక్కడ ఫోటోలు తీయకండి.

మేకల కాపర్లకు ఇప్పుడు నేను ఊరూరా చెప్తున్నాను: జింకపిల్ల ఒంటరిగా కనబడితే ముట్టకండి, దూరం జరగండి, సాయంత్రందాకా తల్లి రాకపోతే అటవీశాఖకు ఫోన్ చేయండి. మొన్న మహదేవపూర్ వైపు ఒకాయన అట్లనే దూరం జరిగి, చీకటి పడకముందే తల్లి వచ్చిందని నాకు ఫోన్ చేశాడు.

వచ్చే డిసెంబరులో మళ్లీ పోతాం. బాపు ఇప్పటినుంచే అడుగుతున్నాడు, ఈసారి ఒక సంచి బియ్యం పట్టుకపోదమా అని.