గ్రాంట్ గారి న్యూస్‌రూమ్‌లో ఏడేళ్ళు: ‘ది మేరీ టైలర్ మూర్ షో’ సమీక్ష

ఈ అమెరికన్ టీవీ హాస్య ధారావాహికలో, మిన్నియాపొలిస్ నగరంలో ఉన్నట్టు చూపించే డబ్ల్యూజేఎం అనే కల్పిత టీవీ కేంద్రంలో సాయంత్రం ఆరు గంటల వార్తల విభాగానికి అధిపతి లూ గ్రాంట్. వార్తలు రాసే మర్రే ఆయనను ‘లూ’ అని పిలుస్తాడు. వార్తలు చదివే టెడ్ కూడా ‘లూ’ అనే పిలుస్తాడు. అదే గదిలో, వాళ్ళ పక్క బల్ల దగ్గర కూర్చుని పనిచేసే మేరీ రిచర్డ్స్ మాత్రం ఆయనను ‘మిస్టర్ గ్రాంట్’ అంటుంది. 1970 సెప్టెంబరు 19న ప్రసారమైన మొదటి ఎపిసోడ్‌లో మొదలైన ఈ పిలుపు ఏడు సీజన్లు, 168 ఎపిసోడ్ల పొడవునా ఆమె నోట వినిపిస్తూనే ఉంటుంది. చూస్తున్నది ఇంగ్లీషులోనే అయినా తెలుగు చెవికి అది ‘గ్రాంట్ గారూ’ అన్నట్టే ఉంటుంది. ఆ ‘గారు’లో మొదట బెరుకు ఉంది, తర్వాత పని నేర్చుకున్న మనిషి నిబ్బరం వచ్చింది, చివరికి ఎంత చనువున్నా చెరగని గౌరవం మిగిలింది. పిలుపు మారకుండా దాని వెనకున్న మనిషి మారుతూ రావడమే ఈ ధారావాహికలో నాకు అన్నిటికంటే విలువైన సంగతిగా తోచింది.

కథ చాలా చిన్నది. వైద్యవిద్య చదువుతున్న ప్రియుడికి రెండేళ్ళు అండగా నిలిచి, చదువు పూర్తయ్యాక అతను పెళ్ళి మాట దాటవేస్తున్నాడని గ్రహించి, ముప్ఫై ఏళ్ళ మేరీ ఆ సంబంధం తెంచుకుని కొత్త ఊరికి వస్తుంది. సృష్టికర్తలు జేమ్స్ ఎల్. బ్రూక్స్, ఆలన్ బర్న్స్ మొదట ఆమెను విడాకులు తీసుకున్న స్త్రీగానే అనుకున్నారు. దీన్ని ప్రసారం చేసిన సీబీఎస్ సంస్థ అందుకు ఒప్పుకోలేదు. 1961 నుంచి 1966 వరకు ‘ది డిక్ వాన్ డైక్ షో’లో డిక్ వాన్ డైక్‌కు భార్యగా నటించి, ఇక్కడ మేరీ పాత్ర వేస్తున్న మేరీ టైలర్ మూర్ ఇప్పుడు విడాకులు తీసుకున్న స్త్రీగా కనిపిస్తే, ఆమె డిక్ వాన్ డైక్‌నే వదిలేసిందని ప్రేక్షకులు అనుకుంటారని వాళ్ళు భయపడ్డారు. అలా విడాకులకు బదులు తెగిపోయిన సంబంధం వచ్చింది. ఆ మార్పు వల్ల కథకు మేలే జరిగిందని నా నమ్మకం. మేరీ ఎవరి నుంచో పారిపోయి రాలేదు. ఇక చాలు అనుకుని, పెట్టె సర్దుకుని, తన కారు తానే నడుపుకుంటూ వచ్చింది.

మొదటి ఎపిసోడ్‌లోని ఇంటర్వ్యూ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మేరీ సెక్రటరీ ఉద్యోగం కోసం వస్తుంది, కానీ అది అప్పటికే భర్తీ అయిపోయింది. మరో ఉద్యోగం ఉంది కానీ దానికి మగవాణ్ణి తీసుకుందామనుకున్నానని లూ చెబుతాడు. నీ మతం ఏమిటని అడుగుతాడు. ఉద్యోగానికి వచ్చినవాళ్ళను అలా అడగడం చట్టవిరుద్ధమని ఆమె ఎంతో మర్యాదగా, దాదాపు క్షమాపణ కోరుతున్నట్టు చెబుతుంది. పెళ్ళయిందా అని అడిగితే ఆ ప్రశ్న తప్పించుకోవడానికి తన మతం పేరు చెబుతుంది. పెళ్ళెందుకు కాలేదన్న ప్రశ్నకు ఆమె ఇంకా తడబడుతుండగానే టైపు వచ్చా అని అడుగుతాడు. ఆమె పాత ప్రశ్నకే జవాబు వెతుక్కుంటూ, దానికి ఒక్క ముక్కలో సమాధానం ఉండదని అంటుంది. ఆయన టైపు గురించే అనుకుని వచ్చో రాదో చెబితే సరిపోతుంది కదా అంటాడు. మనిషి పెళ్ళి చేసుకోకపోవడానికి ఒక్క ముక్కలో కారణం ఉండదని ఆమె సర్దుకుంటే, ఎన్ని కారణాలుంటాయేమిటి అని ఆయన నిలదీస్తాడు. ‘అరవై ఐదు’ అంటుంది మేరీ. అది నిమిషానికి ఆమె టైపు చేసే మాటల లెక్క.

ఈ ఎపిసోడ్ నేను మా అమ్మతో కలిసి చూశాను. అమ్మ ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టుగా చేరి అక్కడే ఉద్యోగ విరమణ చేసింది. ఆ ఇంగ్లీషు వేగం ఆమెకు పూర్తిగా అందదు కాబట్టి మధ్యమధ్య ఆపి చెబుతూ వచ్చాను. ‘అరవై ఐదు’ దగ్గర మాత్రం నేను చెప్పకముందే ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుంది. టైపు హయ్యర్ పాసవడానికి ఇన్‌స్టిట్యూట్‌లో నెలల తరబడి వేళ్ళు అరగదీసుకున్న మనిషికి ఆ అంకె విలువ ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. అంత వేగం ఉన్న పిల్లను పట్టుకుని పెళ్ళి గురించి అడుగుతాడేమిటని అమ్మకు ఆయన మీద నిజంగానే కోపం వచ్చింది.

‘నీలో తెగువ ఉంది’ అని ఆమెను మెచ్చుకున్నట్టే మెచ్చుకుని, ‘నాకు తెగువ అంటే పడదు’ అని లూ గర్జించడం ఈ సన్నివేశంలోనిదే. లూ పాత్రలో ఎడ్ ఆస్నర్ ఆ మాట అనే తీరును ఇప్పటికీ జనం చెప్పుకుంటారు. చివరికి ఆయన ఇచ్చేది అసోసియేట్ ప్రొడ్యూసర్ పదవి, అదీ సెక్రటరీ జీతం కన్నా వారానికి పది డాలర్లు తక్కువకు. పదిహేను తగ్గించుకుంటే ప్రొడ్యూసర్‌నే చేస్తానని కూడా అంటాడు. తన స్తోమతకు అసోసియేట్ ప్రొడ్యూసరే ఎక్కువని మేరీ ఒప్పుకుంటుంది. పెద్ద హోదా, చిన్న జీతం అనే ఈ బేరం ఇప్పటి ఆఫీసుల్లోనూ జరుగుతూనే ఉంది కనుక, ఈ సన్నివేశం యాభై ఏళ్ళకు పైగా పాతదన్న సంగతి చూసేటప్పుడు గుర్తుకే రాదు.

జీతం ప్రస్తావన అక్కడితో ఆగిపోదు. 1972లో మూడో సీజన్ మొదటి ఎపిసోడ్‌లో, తనకు ముందు ఆ ఉద్యోగం చేసిన వ్యక్తికి వారానికి యాభై డాలర్లు ఎక్కువ ఇచ్చారని మేరీకి తెలుస్తుంది. కారణం అడిగితే, అతను మగవాడు కనుక అని లూ ఏ సంకోచమూ లేకుండా చెబుతాడు. అతనికి పోషించవలసిన కుటుంబం ఉందని వివరిస్తాడు. మేరీ గొంతు పెంచదు. అవసరాన్ని బట్టే జీతమైతే, ముగ్గురు పిల్లలున్నవాడికి ఇద్దరున్నవాడి కన్నా ఎక్కువ ఇవ్వాలి కదా అని అడుగుతుంది. నా మొదటి ఉద్యోగంలో, నాతో పాటు ఒకే రోజు చేరిన సహోద్యోగికి నాకన్నా ఎక్కువ ఇస్తున్నారని తెలిసి అడిగితే, అతనికి ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేయాల్సి ఉందన్న జవాబే వచ్చింది. మేరీ వేసిన ప్రశ్న ఆ రోజు నాకు తట్టలేదు. అందుకే ఆ సన్నివేశాన్ని నేను మూడు సార్లు వెనక్కి తిప్పి చూశాను.

ఆ ఎపిసోడ్‌లో కూడా ఆమె ‘మిస్టర్ గ్రాంట్’ అనే అంటుంది. అమెరికాలో స్త్రీలు తమ పేరు మీద అప్పు గాని, క్రెడిట్ కార్డు గాని అడిగితే కేవలం స్త్రీ అన్న కారణంతో నిరాకరించరాదన్న చట్టం 1974లో గాని రాలేదు. అటువంటి రోజుల్లో రాసిన పాత్ర ఇది. మేరీ ఉపన్యాసాలు ఇవ్వదు, జెండా పట్టదు, చాలాసార్లు మొహమాటంతో ‘సరే’ అనేస్తుంది. అయినా ప్రతి సీజన్‌లోనూ ఆ ‘సరే’ల సంఖ్య కొంచెం కొంచెం తగ్గుతూ వస్తుంది. ఐదో సీజన్ మొదట్లో, తనకు సమాచారం ఇచ్చిన మనిషి పేరు న్యాయస్థానంలో చెప్పనందుకు జైలుకు వెళ్తుంది. మొదటి సీజన్ మేరీ ఆ పని చేయగలదని నేను అనుకోను.

మూడో సీజన్‌లోనే, రెప్పపాటులో దాటిపోయే ఒక మాట ఉంది. మేరీ తల్లి వెళ్తూ వెళ్తూ తండ్రితో ‘మాత్ర వేసుకోవడం మరిచిపోవద్దు’ అంటుంది. ‘మరిచిపోను’ అని తండ్రి, మేరీ ఇద్దరూ ఒకేసారి జవాబిస్తారు. మేరీ మనసులో ఉన్నది గర్భనిరోధక మాత్ర. అవివాహితులకు గర్భనిరోధక సాధనాలు ఇవ్వకూడదన్న ఆంక్ష చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది కూడా అదే 1972లో. ఈ హాస్యం తెలుగులోకి ఎలా వస్తుందా అని ఆలోచించి, అది రాదని తేల్చుకున్నాను. మన ఇళ్ళలో ఆ వయసు భార్య భర్తతో ‘మరిచిపోకండి’ అంటుంది, కూతురితో ‘మరిచిపోకు’ అంటుంది. క్రియాపదం దగ్గరే ఎవరితో అన్నదో తెలిసిపోతుంది కనుక ఇద్దరూ పలికే వీలు ఉండదు.

ఇంటి వైపు కథను నిలబెట్టింది రోడా మోర్గెన్‌స్టర్న్. న్యూయార్క్ నుంచి వచ్చి, పై అంతస్తు గదిలో ఉంటూ, బట్టల దుకాణం అద్దాల వెనక బొమ్మలను అలంకరించే ఈ స్నేహితురాలిగా వలరీ హార్పర్ నటన చూసి తీరవలసిందే. మేరీ మనసులో దాచుకునేవన్నీ రోడా పైకి అనేస్తుంది. ఇద్దరు ఆడవాళ్ళు మంచం అంచున కూర్చుని ఉద్యోగం గురించి, అమ్మల గురించి, ఒంటరితనం గురించి మాట్లాడుకునే సన్నివేశాల్లో ఒక సహజత్వం ఉంది. ట్రీవా సిల్వర్‌మన్ వంటి రచయిత్రులు రచనలో పాలుపంచుకోవడం అందుకు ఒక ముఖ్య కారణమని నేను అనుకుంటున్నాను. రోడా 1974లో సొంత ధారావాహికకు వెళ్ళిపోయాక, మరుసటి ఏడాది మరో స్నేహితురాలు ఫిలిస్ కూడా వెళ్ళిపోయాక, మేరీ ఇల్లు బోసిపోయింది. నాలుగో సీజన్‌లో వచ్చిన సూ ఆన్ పాత్రలో బెట్టీ వైట్, తీయని నవ్వుతో విషం చిమ్మే వంటల కార్యక్రమ నిర్వాహకురాలిగా ఎంత బాగా చేసినా, ఆ లోటు నాకు చివరిదాకా తెలుస్తూనే ఉంది.

1975 అక్టోబరు 25న వచ్చిన చకుల్స్ అంత్యక్రియల ఎపిసోడ్ గురించి రాయకపోతే ఈ సమీక్ష పూర్తి కాదు. చకుల్స్ ఆ కేంద్రంలో పిల్లల కార్యక్రమం చేసే విదూషకుడు. ఊరేగింపులో వేరుశనగకాయ వేషంలో ఉండగా ఒక ఏనుగు ఆయనను కాయ అనుకుని ఒలవబోవడంతో చనిపోతాడు. న్యూస్‌రూమ్‌లో మర్రే, లూ నవ్వు ఆపుకోలేకపోతారు. చావు విషయంలో ఇదేం నవ్వని మేరీ వాళ్ళను పదేపదే మందలిస్తుంది. తీరా ప్రార్థనా మందిరంలో, మిగతావాళ్ళంతా గంభీరంగా కూర్చున్నప్పుడు, ఆమెకే నవ్వు తన్నుకొస్తుంది. పెదవులు బిగిస్తుంది, దగ్గుతుంది, చేతిని నోటికి అడ్డం పెట్టుకుంటుంది. మత గురువు అది గమనించి, ఆమెను లేచి నిలబడమని, చకుల్స్‌కు జనం నవ్వడమే ఇష్టమని, మనసారా నవ్వమని అనుమతిస్తాడు. ఆ క్షణాన మేరీ వెక్కివెక్కి ఏడుస్తుంది. మర్యాద తప్పకూడదని తనను తాను ఎంత బిగబట్టుకుందో, ఆ కట్టు తెగినప్పుడు లోపలి నుంచి ఏమి వచ్చిందో, ఒకే ముఖంలో చూపించిన ఆ రెండు మూడు నిమిషాలు నేను చూసిన హాస్య నటనలో అత్యుత్తమమైనవి. డేవిడ్ లాయిడ్ ఈ రచనకు అమెరికా టీవీ రంగంలో ఇచ్చే ఎమ్మీ పురస్కారం అందుకున్నారు.

లోపాలు లేకపోలేదు. రోడా బరువు మీద మొదటి సీజన్లలో వచ్చే పరిహాసాలు, ముఖ్యంగా ఆమె తన మీద తానే వేసుకునేవి, ఇప్పుడు వినడానికి బాధ కలిగిస్తాయి. టెడ్ అజ్ఞానం మీద ఆధారపడిన హాస్యం ఆరో సీజన్ నాటికి అరిగిపోతుంది, అయితే భార్య జార్జెట్‌గా జార్జియా ఎంగెల్ పక్కన ఉన్నప్పుడు అదే టెడ్ మనిషిలా కనిపిస్తాడు. న్యూస్‌రూమ్‌లో చెప్పుకోదగ్గ నల్లజాతి పాత్ర వాతావరణ వార్తలు చెప్పే గోర్డీ ఒక్కడే. చూసినవాళ్ళంతా అతన్ని క్రీడావార్తలవాడనుకుంటారన్న చురుకైన చతురోక్తి ఉన్నా, జాన్ ఏమోస్ వంటి నటుడికి అంతకు మించి పని ఇవ్వకపోవడం నిజంగా లోటే. మేరీ అన్నేళ్ళు ఆ గదిలో దాదాపు ఒంటరి ఆడమనిషిగానే మిగలడం, ఆమె ప్రొడ్యూసర్ అయ్యాక కూడా మరో స్త్రీ ఆ బల్లల దగ్గరికి రాకపోవడం నాకు మరింత లోటుగా అనిపించింది.

నిర్మాణం విషయంలో ఫిర్యాదు చేయవలసింది ఏమీ లేదు. మూర్, ఆమె అప్పటి భర్త గ్రాంట్ టింకర్ కలిసి స్థాపించిన ఎంటీఎం సంస్థ దీన్ని ప్రేక్షకుల ఎదుట ఫిల్మ్ మీద చిత్రించింది కనుక బొమ్మ ఇప్పటికీ స్పష్టంగా ఉంది. వెనక వినిపించే నవ్వులకు మొదటి రెండు మూడు ఎపిసోడ్ల పాటు చెవి అలవాటు పడాలి. మొత్తం 29 ఎమ్మీ పురస్కారాలు వచ్చాయి. శీర్షిక గీతం చివర మేరీ టోపీ ఎగరేసే నికొలెట్ మాల్ వీధిలో 2002లో ఆమె విగ్రహం పెట్టారు.

చివరి ఎపిసోడ్‌లో టీవీ కేంద్రానికి వచ్చిన కొత్త మేనేజర్, వార్తలకు ఆదరణ లేదని, అందుకు కారణమైన టెడ్‌ను ఒక్కడినే ఉంచి మిగతా అందరినీ తీసేస్తాడు. అందరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తూ, కన్నీళ్ళు తుడుచుకునే కాగితాల డబ్బా కోసం విడిపోకుండానే ముద్దగా బల్ల దాకా జరుగుతారు. మనల్ని ఒంటరివాళ్ళం కాదనిపించేవాళ్ళే కుటుంబమైతే, నా కుటుంబం మీరేనని మేరీ అంటుంది. అందరూ వెళ్ళాక వెనక్కి వచ్చి, ఖాళీ గదిని ఒకసారి చూసి, చిన్నగా నవ్వి, దీపం ఆర్పి తలుపు వేస్తుంది. పెళ్ళి జరగలేదు, జరుగుతుందన్న సూచన కూడా లేదు. ఆఫీసులో చివర వెళ్ళే రోజున మిషన్ మీద కవరు కప్పి, ఫ్యాను కట్టేసి, తనే దీపం ఆర్పేదాన్నని అమ్మ చెప్పింది. అన్ని సీజన్లూ చూసే తీరిక లేనివారు మొదటి ఎపిసోడ్, మూడో సీజన్ మొదటిది, చకుల్స్‌ది, చివరిది తప్పక చూడాలని నా సలహా. మేము మాత్రం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం, ఎందుకంటే ఆ ‘అరవై ఐదు’ అమ్మ ఇంకోసారి వింటానంది.