ఐనోటిఫైవెయిట్: పర్లాకిమిడి ప్రెస్సులో ఏళ్ల తరబడి వాడాక

పర్లాకిమిడిలో మాది చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు వేస్తాం, కొన్ని తెలుగులో, కొన్ని ఒడియాలో. టైపింగంతా విండోస్‌లోనే. పేజ్‌మేకరూ అనూ ఫాంట్లూ లేనిదే మాకు రోజు గడవదు. ఫైళ్లు మాత్రం లోపలి గదిలో ఉన్న పాత లైనక్స్ కంప్యూటర్లో ఉంటాయి. కొన్నేళ్లుగా ఆ ఫోల్డర్లకు కాపలా ఐనోటిఫైవెయిట్ అనే చిన్న ప్రోగ్రాము. కొత్త పీడీఎఫ్ గానీ స్కాన్ గానీ పడగానే నా స్క్రిప్టుకు, అంటే నేను రాసుకున్న ఆదేశాల ఫైలుకు, చెబుతుంది. స్క్రిప్టు బ్యాకప్ తీసి, కస్టమరుకు వాట్సాప్‌లో పంపడానికి చిన్న ప్రూఫ్ తయారుచేస్తుంది.

ఇది ఐనోటిఫై-టూల్స్ అనే ఓపెన్ సోర్స్ ప్యాకేజీలో భాగం. అసలు పని చేసేది 2005లో 2.6.13 వెర్షన్‌తో లైనక్స్ కెర్నల్‌లోకి, అంటే దాని గుండెకాయలోకి, వచ్చిన ఐనోటిఫై. కెర్నల్ చెప్పింది చెప్పినట్టు మనకు అందించడమే ఈ పరికరం పని. అందుకే దీన్ని నమ్ముతాను. సీపీయూని తినదు, నిమిషానికోసారి డిస్కంతా వెతకదు.

ఎవరైనా వాడబోతే ముందు చూసుకోవాల్సింది ఏ ఈవెంట్ (ఫైలుకు జరిగే మార్పు) కోసం కాచుకోవాలన్నది. ‘క్రియేట్’ని పట్టుకుంటే పెద్ద టిఫ్ (బొమ్మ) ఫైలు ఇంకా సగం కూడా రాకముందే స్క్రిప్టు దాని మీద పడుతుంది. ‘క్లోజ్ రైట్’ అయితే రాయడం ముగించి ఫైలు మూశాకే వస్తుంది. అయితే అదొక్కటీ చాలదు. గుణుపురం నుంచి మా పెద్దమ్మ కొడుకు ఆర్‌సింక్ అనే ఫైళ్లు పంపే ప్రోగ్రాముతో ఫైళ్లు పంపడం మొదలుపెట్టిన కొత్తలో, బాబాయ్ కింద నుంచి కేకేశాడు: “ఏట్రా, ఫైలు పడింది గానీ ప్రూఫ్ రాలేదేటి?” లాగ్ తీసి చూస్తే విషయం తేలింది. ఆర్‌సింక్ ముందు చుక్కతో మొదలయ్యే తాత్కాలిక పేరు మీద రాసి, అంతా అయ్యాక అసలు పేరుకు మారుస్తుంది. అప్పుడు అసలు పేరుతో వచ్చేది ‘మూవ్డ్ టు’. ఆ రెండు ఈవెంట్లూ పెట్టి, చుక్క పేర్లను వదిలేయమన్నాక ఆ బాధ మళ్లీ లేదు.

నెట్‌వర్క్ ఫోల్డర్ల సంగతి ఇంకా ముఖ్యం. బరంపురంలో తెలిసినవాళ్ల ఫొటో స్టూడియోలో ఫొటోలు వేరే స్టోరేజీ పెట్టెలో ఉంటే, దాన్ని లైనక్స్ డెస్క్‌టాప్‌కి తగిలించి అక్కడ నుంచి కాపలా పెట్టారు. ఒక్క ఫొటోకీ కబురు రాలేదు. వేరే కంప్యూటరు రాసిన మార్పు ఈ డెస్క్‌టాప్ కెర్నల్ గుండా పోదు కదా, మరి దానికెలా తెలుస్తుంది? డిస్కు ఏ యంత్రంలో ఉందో కాపలా అక్కడే ఉండాలి. మా దగ్గర విండోస్ నుంచి సాంబా (లైనక్స్ ఫోల్డర్లను విండోస్‌కు పంచే ప్రోగ్రాము) ద్వారా పడే ఫైళ్లన్నీ దొరుకుతున్నది ఇందుకే. వాటిని డిస్కు మీద రాసేది లైనక్స్ యంత్రంలోని సాంబాయే.

కరెంటు పోయి వచ్చే ఊళ్లలో ఇంకో జాగ్రత్త కావాలి. కాపలా ఆగి ఉన్నప్పుడు జరిగినవేవీ తర్వాత చెప్పదు. అందుకే నా స్క్రిప్టు లేవగానే ముందు కాపలా మొదలుపెట్టి, ఆ తర్వాత ప్రూఫ్ లేని ఫైళ్లను ఒకసారి వెతుకుతుంది. ఈ వరస తిరగబడితే రెండు పనుల మధ్య పడిన ఫైలు గల్లంతే. కొత్తగా తెరిచిన సబ్‌ఫోల్డర్‌లోనూ ఇదే చిక్కు: దాని మీద కాపలా పడేలోపు వచ్చిన ఫైళ్లు తప్పిపోవచ్చు. రోజుకు రెండు మూడుసార్లు క్రాన్‌తో (పెట్టిన వేళకు పనులు నడిపేది) ఒక వెతుకులాట పెట్టుకుంటే నిశ్చింతగా ఉండొచ్చు.

ఐనోటిఫై తనంతట తాను లోపలి ఫోల్డర్లలోకి దిగదు, ఒక్కోదానికి ఒక్కో వాచ్ (కాపలా) కావాలి. పాత కెర్నల్స్‌లో ఒక యూజరుకు మామూలు పరిమితి 8192 వాచ్‌లు. ఏళ్ల నాటి కస్టమర్ల ఫోల్డర్లు పోగైతే అది ఇట్టే నిండుతుంది. కొన్ని ప్రోగ్రాములు అప్పుడు డిస్కులో చోటు లేదని చెబుతాయి, డిస్కు సగం ఖాళీగా ఉన్నా సరే. 5.11 కెర్నల్ నుంచి పరిమితి మెమరీని బట్టి పెరుగుతుంది. పాతది వాడేవాళ్లు సిస్‌కంట్రోల్‌లో (కెర్నల్ సెట్టింగులు మార్చే ఆదేశం) పెంచుకోవాలి.

తెలుగు, ఒడియా ఫైలు పేర్లతో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. పేర్లలో ఖాళీలుంటే స్క్రిప్టులో కొటేషన్లు పెట్టాలి, అంతే.

షెల్ స్క్రిప్టు అలవాటు లేనివాళ్లకు దీన్ని వాడమని చెప్పను. అలవాటున్నవాళ్లకు మాత్రం గట్టిగా చెబుతాను, తీసుకోండి. మన దగ్గర ఒక్క రూపాయి తీసుకోకుండా దీన్ని నిలబెడుతున్నవాళ్ల మీద నాకు చాలా గౌరవం. కొత్త వెర్షన్లలో ఫ్యానోటిఫై (ఐనోటిఫై లాంటిదే ఇంకో కెర్నల్ సదుపాయం) ఆధారంగా ఎఫ్ఎస్‌నోటిఫైవెయిట్ కూడా చేర్చారు. రూట్ (అన్ని అధికారాలూ ఉన్న యూజరు) అనుమతితో ఫైల్‌సిస్టమ్ మొత్తానికి ఒకే కాపలా పెట్టొచ్చు. నెట్‌వర్క్ ఫోల్డర్ల గురించీ, ఎడిటర్లు పేరు మార్చి సేవ్ చేయడం గురించీ ఫిర్యాదులు వస్తుంటే, కెర్నల్ స్వభావాన్ని ప్రతిసారీ ఓపిగ్గా వివరించాల్సింది దీన్ని నిలబెడుతున్నవాళ్లే. మీకు నిజంగానే లోపం కనబడితే కెర్నల్ వెర్షన్, ఫైల్‌సిస్టమ్ పేరు, ఫైలు ఏ ప్రోగ్రాముతో సేవ్ అయింది, ఈ మూడూ మొదటి ఉత్తరంలోనే రాయండి.