ఎఫ్‌ఎల్-145: కాలిఫోర్నియా విడాకుల కేసులో ఈ ఉచిత ప్రశ్నావళి ఎంతవరకు పనికొస్తుంది?

అవతలి పక్షం ఆస్తిపాస్తుల గుట్టు ప్రమాణం చేయించి మరీ రాతలో రాబట్టడానికి కాలిఫోర్నియా కోర్టులే తయారుచేసి పెట్టిన ఫారం ఎఫ్‌ఎల్-145. లాయర్లు వీటిని ఫ్యామిలీ లా ఫారం ఇంటరాగటరీలు అంటారు. రెండు పేజీలు, 21 ప్రశ్నలు. కోర్టుల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కోర్టులో దాఖలు చెయ్యక్కర్లేదు కాబట్టి ఫీజూ లేదు. అయితే ఈ ఫారాన్ని సవరించింది 2006లో. అప్పటికి బిట్‌కాయినే పుట్టలేదు.

21 ప్రశ్నల్లో సగానికి సగం మీ చేతికి ఎలాగూ రావలసిన సమాచారమే. విడాకుల పిటిషన్ వేసినవాళ్లు వేసిన 60 రోజుల్లో, ఎదుటివారు జవాబు దాఖలు చేసిన 60 రోజుల్లో ఆదాయ వ్యయాల పత్రం (ఎఫ్‌ఎల్-150), ఆస్తి అప్పుల పట్టిక (ఎఫ్‌ఎల్-142) లాంటివి ఒకరికొకరు ఇచ్చుకోవాలని చట్టం. వాటితోపాటు రెండేళ్ల టాక్స్ రిటర్నులూ రావాలి. ఎఫ్‌ఎల్-145 మూడేళ్లవి అడుగుతుంది, ఆ మూడో ఏడాదే లాభం. పేరు, చిరునామా, ఆరోగ్యం, ఇన్సూరెన్స్ ప్రశ్నల వల్ల కొత్తగా తెలిసేది తక్కువ.

పని చేసేవి 8, 13, 21. ఎనిమిదోది జీతం వగైరా కాకుండా గత మూడేళ్లలో ఇంకెక్కడి నుంచైనా డబ్బు గానీ ఆస్తి గానీ ముట్టిందా అని అడుగుతుంది. పదమూడోది మీకు హక్కో అజమాయిషీయో ఉన్న ఆస్తి ఇంకొకరి దగ్గర ఉందా అంటుంది. మనవాళ్ల కేసుల్లో ఈ ఒక్క ప్రశ్న కోసమైనా ఫారం పంపాలి. జీతం డబ్బుతో నాన్నగారి పేరున కొన్న ప్లాటు, అత్తగారి లాకర్లో ఉన్న నగలు, అన్నయ్య ఖాతాలో వేసి ఉంచిన సొమ్ము, అన్నీ ఇక్కడికే వస్తాయి. 21వ ప్రశ్న గత 24 నెలల్లో భార్య లేదా భర్త అంగీకారం లేకుండా ఇచ్చిన బహుమతులు, వాటి విలువ, పుచ్చుకున్నవాళ్ల పేర్లు అడుగుతుంది. ఉమ్మడి డబ్బును రెండోవారి లిఖితపూర్వక అంగీకారం లేకుండా దానం చెయ్యకూడదని ఫ్యామిలీ కోడ్ 1100 చెబుతుంది. అందుకే ఇంటికి పంపిన పెద్ద మొత్తాల మీద ఈ ప్రశ్న గట్టిగా పడుతుంది.

పదో ప్రశ్న దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. ప్రశ్నావళితో పాటు పంపిన ఎఫ్‌ఎల్-142 నింపమని అందులో ఉంటుంది. ఖాళీ ఎఫ్‌ఎల్-142 జత చెయ్యడం మర్చిపోతే ఆ జవాబు రాకపోవడానికి మీరే సాకు అందించినట్టు. డిస్క్-001 అనే ఫారం కూడా ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది. అది మామూలు సివిల్ కేసులది, విడాకులకు దింపుకోవద్దు.

ఫారం అడగనిది చాలా ఉంది. పదవీ విరమణ పథకాలు, వాయిదా జీతం పథకాల ప్రశ్న ఉంది గానీ ఆర్‌ఎస్‌యూలు (జీతంలో భాగంగా కంపెనీ ఇచ్చే షేర్లు) ఎప్పుడు మంజూరయ్యాయో, ఏ తేదీల్లో చేతికొస్తాయో దానంతట అది రాబట్టదు. క్రిప్టో వాలెట్లు, యాప్‌లలో నిల్వలు, ప్రవాసులకు ఇండియా బ్యాంకుల్లో ఉండే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాల ఊసే లేదు. ఆ లోటు పూడ్చడానికే సొంతంగా రాసుకునే ప్రత్యేక ప్రశ్నలున్నాయి. అవి ఒక పక్షానికి 35 వరకు. అంతకు మించాలంటే ఎందుకు అవసరమో చెబుతూ డిక్లరేషన్ జత చెయ్యాలి. ఫారం ప్రశ్నలు ఈ 35లోకి రావు, కాబట్టి ఫారం అడిగేసిన దాన్ని మళ్లీ రాసి కోటా తగలేసుకోకండి.

ప్రత్యేక ప్రశ్న రాయడంలో ఒక తీరుంది. "ఇండియాలో మీకున్న బ్యాంకు ఖాతాలు, స్థలాలు, బంగారం చెప్పి, అవి ఎప్పుడు ఎవరి డబ్బుతో కొన్నారో వివరించండి." ఇలా రాస్తే అవతలి లాయరు ఒక్క వాక్యంతో తోసేస్తాడు. ఒకే ప్రశ్నలో రెండు సంగతులు కలపకూడదు, ఉపప్రశ్నలు పెట్టకూడదు, ముందుమాటలు, సూచనలు జోడించకూడదు. విడగొట్టండి: పెళ్లి తేదీ నుంచి నేటివరకు మీ పేరున ఇండియాలో ఉన్న ప్రతి బ్యాంకు ఖాతా ఏది? ఇది ఒకటి. విడిపోయిన తేదీన ఒక్కో ఖాతాలో నిల్వ ఎంత? ఇది రెండు. స్థలాలకు వేరే, బంగారానికి వేరే. పదానికి ప్రత్యేక అర్థం ఇచ్చుకుంటే అది కనిపించిన ప్రతిచోటా ఇంగ్లిషు పెద్దక్షరాల్లోనే ఉండాలి. నెంబర్లు వరుసగా సాగాలి, రెండో విడతలో మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టకపోవడమే మంచిది.

విదేశీ ఖాతాలకు ఒక కిటుకు. ఏడాదిలో ఏ రోజైనా అవన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే అమెరికా ప్రభుత్వానికి ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక దాఖలు చెయ్యాలి. ఏయే సంవత్సరాలకు దాఖలు చేశారో ప్రశ్నగా అడగండి. ఎఫ్‌ఎల్-142లో ఖాతా కనబడక, ఎఫ్‌బార్ ఏటా వేసినట్టు జవాబొస్తే ఇక ఎక్కడ తవ్వాలో మీకు తెలిసిపోతుంది. ఎఫ్‌బార్ కాపీలు, స్టేట్‌మెంట్లు మాత్రం ప్రశ్నలతో రావు, వాటికి పత్రాల డిమాండు వేరేగా పంపాలి.

ఇక పంపే పద్ధతి. పిటిషన్ వేసినవాళ్లు సమన్లు అందించాక పదిరోజులు ఆగాలి, ఎదుటివారు ఎప్పుడైనా పంపొచ్చు. కేసులో లేని, 18 ఏళ్లు నిండినవాళ్లెవరైనా పోస్టు చేసి, పంపినట్టు రుజువయ్యే ఎఫ్‌ఎల్-335 ఫారం మీద సంతకం పెట్టాలి. అసలు ప్రతి, ఆ సర్వీసు రుజువు మీ దగ్గరే దాచుకోండి. జవాబుకు గడువు 30 రోజులు. కాలిఫోర్నియాలో పోస్టు చేస్తే అదనంగా 5, వేరే రాష్ట్రానికైతే 10, దేశం బయటికైతే 20 రోజులు కలుస్తాయి. ఈమెయిల్‌కైతే రెండు కోర్టు పనిదినాలు. విచారణ తేదీకి 30 రోజుల ముందే డిస్కవరీ, అంటే ఇలా ఒకరి నుంచి ఒకరు సమాచారం రాబట్టే దశ ముగుస్తుంది గనుక రాష్ట్రంలో పోస్టు మీద పంపాలంటే విచారణకు కనీసం 65 రోజుల ముందు కదలాలి.

జవాబొచ్చాక మొదట చివరి పేజీ చూడండి. అబద్ధమైతే శిక్షార్హమనే ప్రమాణంతో ఎదుటివారి స్వహస్త సంతకం లేకపోతే దానికి జవాబు విలువే లేదు, లాయరు సంతకం చాలదు. "గుర్తులేదు" అంటే సరిపోదు, తెలుసుకోవడానికి సహేతుకమైన ప్రయత్నం చెయ్యడం వాళ్ల బాధ్యత. డొంకతిరుగుడు జవాబైతే ముందు లేఖ రాసి రాజీకి ప్రయత్నించాలి, దారికి రాకపోతే సరైన జవాబు ఇప్పించమని కోర్టులో మోషన్ (దరఖాస్తు) వెయ్యాలి. ప్రమాణంతో జవాబందిన 45 రోజుల్లోగా ఈ పని చెయ్యకపోతే ఆ జవాబుతో సరిపెట్టుకోవాల్సిందే. అసలు జవాబే ఇవ్వకపోతే అభ్యంతరం చెప్పే హక్కు వాళ్లు పోగొట్టుకుంటారు, మీకు ఈ 45 రోజుల లెక్కా ఉండదు.

ప్రమాణం చేసి దాస్తే ఏమవుతుందో చెప్పే తీర్పు ఒకటుంది. పదమూడు లక్షల డాలర్ల పైచిలుకు లాటరీ తగిలిన భార్య అది దాచి విడాకులు తీసుకుంది. 2001లో అప్పీలు కోర్టు ఆ సొమ్ము నూరు శాతం భర్తదే అంది.

ఫారానికి మార్కులంటే పదికి ఏడు. అద్దె ఇల్లు, రెండు జీతాలు, ఒక కారు తప్ప ఏమీ లేని జంటకు ఎఫ్‌ఎల్-142 చాలు, ఇది అనవసరం. అత్తమామల్నో కంపెనీనో నేరుగా ప్రశ్నించడానికి ఇది పనికిరాదు, వాళ్లకు సబ్‌పీనా (సాక్ష్యమో పత్రాలో ఇవ్వమనే కోర్టు ఆదేశం) కావాలి. జవాబులు ఇచ్చిన రోజు వరకే నిజం. ఆ తర్వాత మారినవి రాబట్టడానికి అనుబంధ ప్రశ్న పంపొచ్చు. విచారణ తేదీ మొదటిసారి ఖరారయ్యేలోగా రెండుసార్లు, ఖరారయ్యాక ఒకసారి. ఆ చివరిదాన్ని డిస్కవరీ ముగిసే గడువు లెక్కేసుకుని, జవాబుకు 35 రోజులు మిగిలేలా పంపండి.