వారానికోసారి ఒక చెట్టు: మా బడిలో సీజన్‌వాచ్

పర్యావరణం పాఠాలకు పనికొచ్చేది ఏదైనా ఉంటే చెప్పమని తోటి టీచర్లు అడిగితే నేను మొదట చెప్పే పేరు సీజన్‌వాచ్. చెట్లు ఎప్పుడు చిగురిస్తాయో, పూస్తాయో, కాస్తాయో వారం వారం చూసి నమోదు చేసే కార్యక్రమం ఇది. దీనికి డబ్బు అక్కర్లేదు, ల్యాబ్ అక్కర్లేదు. ఒక చెట్టు, వారానికోసారి దాని కింద నిలబడి తలెత్తి చూసే పిల్లలు ఉంటే చాలు. నేను చిత్తూరు జిల్లాలో, బంగారుపాళ్యం వైపు ఒక జడ్పీ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. మా పిల్లల్లో చాలామంది మామిడి తోటలున్న ఇళ్ల నుంచి, తోటల్లో కూలికి వెళ్లే ఇళ్ల నుంచి వస్తారు. అందుకే ఈ పని మాకు ఇంత బాగా కుదిరింది.

దీన్ని నడిపేది నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ అనే ప్రకృతి సంరక్షణ సంస్థ. ఎవరైనా చేరొచ్చు. కేరళ బడులు ఇందులో అందరికంటే ముందున్నాయి. వెబ్‌సైట్‌లోనో ఫోన్ యాప్‌లోనో బడి పేరు నమోదు చేసుకుని, వాళ్ల జాబితాలోంచి చెట్టును ఎంచుకోవాలి. మామిడి, చింత, వేప, కానుగ, పనస, రేల అన్నీ ఉన్నాయి. ఆ తర్వాత ప్రతి వారం అదే చెట్టును చూడాలి. లేత ఆకులున్నాయా, ముదురు ఆకులా, ఎండుతున్నవా? మొగ్గలా, విచ్చిన పూలా? కాయలా, పండ్లా? ఒక్కోదానికి మూడే జవాబులు: లేవు, కొద్దిగా, ఎక్కువ. చెట్టు మీద మూడో వంతు దాకా ఉంటే కొద్దిగా, అది దాటితే ఎక్కువ.

అసలు చదువంతా ఈ మూడో వంతు దగ్గరే జరుగుతుంది. మామిడికి ఒక పక్క పూత ఉంటే ఇంకో పక్క రాగిరంగు చిగురు ఉంటుంది. తూర్పు కొమ్మలు చూసినవాళ్లు ఎక్కువంటారు, పడమర నిలబడ్డవాళ్లు కొద్దిగా అంటారు. చెట్టు చుట్టూ తిరిగి చూడకుండా రాయకూడదని పిల్లలే నిబంధన పెట్టుకున్నారు. తోటలున్న ఇంటి అమ్మాయి ఒకతి, "మేడం, ఇది ఇంకా మొగ్గే, పూత విచ్చలేదు" అని మొత్తం క్లాసును ఆపేసింది. పరీక్షల్లో వెనకబడే పిల్ల, చెట్టు కింద మాత్రం అందరికీ చెప్పే స్థానంలో ఉంది. పూతలో ఎక్కువ భాగం మగ పూలేనని, అవి రాలిపోక తప్పదని నేను చెప్పాల్సిన పాఠం, రాలిన పూత కాళ్ల కింద ఉండగా చెప్పాను. మామిడి పూత రసం పీల్చే తేనెమంచు పురుగు గురించి వాళ్లు నాకు చెప్పారు.

వేప ఇంకో సంగతి బయటపెట్టింది. ఉగాది పచ్చడికి వేపపువ్వు కావాలి కదా, ఒక్కో ఏడు పువ్వు దండిగా ఉంటుంది, ఒక్కో ఏడు వెతుక్కోవాలి, ఎందుకని అడిగారు. ఎండలు మారిపోయాయి అనేసి ఊరుకోవచ్చు. కానీ ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. పండుగ చంద్రుణ్ని బట్టి జరుగుతుంది, వేపచెట్టుకు తిథులతో పనిలేదు. కాబట్టి పండుగను కొలతగా పెట్టుకుంటే చెట్టు ముందు పూసిందో వెనక పూసిందో తేలదు, తేదీ వేసి రాయాలి. ఒక పిల్లవాడి తాత, తన చిన్నప్పుడు సంక్రాంతికల్లా మామిడి పూత వచ్చేసేదని అన్నారట. ఆ మాట నేను తీసిపారేయను. అయితే ఆయన కాలంలో ఎవరూ తేదీ రాసిపెట్టలేదు. ఇప్పుడు మనం రాస్తే, ఇరవై ఏళ్ల తర్వాతి పిల్లలకు పోల్చుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. వాతావరణ మార్పు గురించి నేను చెప్పిన ఏ పాఠంలోనూ పిల్లలు ఇంత శ్రద్ధగా వినలేదు.

దీనికి ముందు ఒక కంపెనీ అమ్మిన పర్యావరణ కిట్టు మా బడికి వచ్చింది. పేరు చెప్పను. ఆకుల కార్డుల్లో చల్లటి ప్రాంతాల చెట్లయిన మేపుల్, ఓక్ ఉన్నాయి. కానుగ లేదు, చింత లేదు. ఆమ్లమో క్షారమో చూసే పీహెచ్ కాగితాలు అయిపోయాక డబ్బా బీరువా ఎక్కింది. పర్యావరణాన్ని తప్పనిసరిగా చెప్పాలని న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. చెబుతున్నాం కూడా, కానీ ఎక్కువగా వక్తృత్వ పోటీలు, నినాదాలు, మొక్క పట్టుకుని ఫోటోలు. జూన్ 5 పర్యావరణ దినోత్సవం మాకు వేసవి సెలవుల్లోనే పడుతుంది, బడి మామూలుగా జూన్ 12న తెరుస్తారు. నాటిన మొక్కను ఆ తర్వాత ఎవరు చూస్తున్నారన్నది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఇబ్బందుల్లో పెద్దది ఆ సెలవులే. తోతాపురి కాయ ముదిరేది, రేల చెట్టు పసుపు గుత్తులు వేసేది సరిగ్గా బడి మూసి ఉన్నప్పుడే. అందుకే సగం చెట్లు బడి ఆవరణలో, సగం పిల్లల ఇళ్ల దగ్గర ఎంచుకోండి. ఫోన్ లేని ఇళ్లే ఎక్కువ కాబట్టి మేం ముందు నోటుబుక్కులో రాసి, తర్వాత బడిలో ఎక్కిస్తాం. తెలుగులో గళ్లు గీసిన పేజీ ఒకటి జిరాక్స్ తీయించి ఇచ్చాను. పదాలు పిల్లల నోట ఉన్నవే: చిగురు, మొగ్గ, పూత, పిందె, కాయ, పండు.

మా ఆవరణలో ఒక ఎర్రచందనం కూడా ఉంది. దాన్ని మా సొంత పుస్తకంలో విడిగా రాసుకుంటున్నాం. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగని చెట్టు అది. మా పిల్లలకు మాత్రం ఆ పేరు స్మగ్లింగ్ వార్తల్లోనే తెలుసు. చుట్టూ రెక్క ఉన్న దాని గుండ్రటి కాయను చేతిలో పెట్టాక, శేషాచలం గురించి అడిగే ప్రశ్నలు మారిపోయాయి.

మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. జూన్, జులైల్లో మొదలుపెట్టకండి. వారాల తరబడి ముదురు ఆకులు ఎక్కువ అని ఒకే జవాబు రాస్తే పిల్లలు విసుగెత్తి వదిలేస్తారు. డిసెంబరు, జనవరిలో మామిడితో మొదలుపెట్టండి. వారం వారం చెట్టు మారుతుంటుంది, వాళ్లే మిమ్మల్ని లాక్కెళతారు.

ఇంకొకటి, ఈ పని ఒక్క టీచర్ మీద ఆధారపడకూడదు. బదిలీ ఎప్పుడైనా రావచ్చు. మేం రిజిస్టరు, లాగిన్ వివరాలు హెడ్‌మాస్టర్ గదిలో పెట్టాం. తొమ్మిదో తరగతికి వెళ్లేవాళ్లు తమ చెట్టును ఎనిమిదిలోకి వచ్చేవాళ్లకు చూపించి, పోయినేడు ఏ తేదీన ఏం రాశారో చదివి వినిపించి మరీ అప్పగిస్తారు.